‘సె ఎ’ దగ్గర బోల్తా: బల్గేరియన్, ఉజ్బెక్ సాధన 31వ వారం

మా చెల్లి పెళ్లిలో బంతి మొత్తానికి గుత్తి వంకాయ వడ్డించింది నేనే. మంగళవారం క్లాసులో ఆ పెళ్లి ముచ్చట బల్గేరియన్‌లో మొదలుపెట్టానో లేదో, మా ప్లోవ్‌దివ్ ఊరి టీచరుగారు నవ్వాపుకోలేక, "అదేంటి, మిమ్మల్ని పిలవలేదా?" అన్నారు. నేను అన్నాననుకున్నది "మా చెల్లికి పెళ్లయింది". ఆవిడకి వినిపించింది "మా చెల్లికి పెళ్లయిందట".

తేడా అంతా ఒక్క అచ్చు. "సెస్త్రా మి సె ఎ ఒమజిలా" అంటే పెళ్లయింది ("సె" అంటే మన "చేసుకుంది"లో "కొను" లాంటి చిన్న మాట, కొన్ని క్రియలతోనే వస్తుంది). ఆ "ఎ" ఎగిరిపోయి "సె ఒమజిలా" అయిందంటే పెళ్లయిందట, ఎవరో చెప్పారు, నాకు పూచీ లేదు.

నిజానికి ఈ పాఠం నాకు నల్లేరు మీద నడకే అనుకున్నాను. ఇంగ్లిష్ పుస్తకాలు దీని కోసం పేజీలకు పేజీలు పోస్తాయి పాపం, వాళ్ల దగ్గర "ట" లేదు. మనకుంది. ఉజ్బెక్‌లో నిజంగానే సులువైపోయింది: కెల్ది అంటే వచ్చాడు, కెల్గన్ ఎమిష్ అంటే వచ్చాడట. గుర్తు మనలాగే చివర్న. 20కి 19.

బల్గేరియన్‌లో "ట"కి ప్రత్యేకంగా మాటంటూ లేదు. "తోయ్ ఎ దోషల్"లో సహాయక క్రియ "ఎ" తీసేసి "తోయ్ దోషల్" అంటే అదే "వచ్చాడట". అదీ ప్రథమ పురుషలోనే. "నేను" అన్నప్పుడు "సమ్" అక్కడే ఉంటుంది, కాబట్టి "హర్కల్ సమ్" అంటే గురక పెట్టానో, పెట్టానటో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. టర్కిష్ పక్కన శతాబ్దాలు బతికిన ప్రభావం వల్లే ఈ పద్ధతి వచ్చిందని ఒక వాదన, స్లావిక్ భాషలో లోపలి నుంచే పెరిగిందని ఇంకో వాదన. ఏదైతేనేం, మునిగింది నేను.

పంతం పట్టి 32 వాక్యాలు రాసుకున్నాను. 16 "ఎ"తో, 16 లేకుండా. రెంటిలోనూ సగం సగం "సె" ఉన్నవి. కలగలిపి, రికార్డు చేసి, "ఎ ఉందా లేదా మీరే చెప్పండి" అని ఆవిడకి పంపాను. "తోయ్ ఎ దోషల్" లాంటివి 8లో 7 సరిగ్గా వినిపించాయి. "సె ఎ" ఉన్నవి 8లో 2! అంటే నాకు వ్యాకరణం వచ్చు, నోరే రాలేదు.

ప్రాట్‌ అనే గొంతు కొలిచే సాఫ్ట్‌వేర్లో పెట్టి కొలిచాను. (చూడ్డానికి 1995లో ఆగిపోయినట్టుంటుంది గానీ, అచ్చు పొడవు కొలవాలంటే నాకు దాన్ని మించింది కనబడలేదు. ఆడాసిటీ ఆడియో కోతలకి బాగుంటుంది, అంతే.) ఆవిడ "సె ఎ"లో రెండు ఎకారాలూ కలిపి సగటున 205 మిల్లీసెకన్లు. నావి 95. నా ఉత్త "సె" 85. పది మిల్లీసెకన్ల తేడాతో మా చెల్లి పెళ్లి పుకారైపోయింది.

ఎందుకిలా? మొదటి అనుమానం సంధి. ఎకారం మీద ఎకారం పడగానే నా నాలుక అడక్కుండానే కలిపేస్తుంది, చిన్నప్పుడు బట్టీ కొట్టిన సంధి సూత్రాలు ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నాయి. "తోయ్" చివర యకారం ఉంది కాబట్టి అక్కడ తప్పించుకున్నాను. రెండో అనుమానం, "అతను డాక్టరు" అని క్రియ లేకుండానే వాక్యం ముగించే భాష మనది, మధ్యలో ఆ "ఎ" ఎందుకో నా చెవికి ఎక్కదు. కానీ అదే నిజమైతే "తోయ్ ఎ" కూడా పోవాలిగా, పోలేదు. మొదటిదానికే నా ఓటు.

గురువారం చిట్కా: "సె ఎ" అనుకోవడం మానేసి, మన దీర్ఘం "సే" అనుకున్నాను. హ్రస్వదీర్ఘాల తేడా మనకి ఉగ్గుపాలతో వచ్చిందే కదా. కొలత 190కి ఎగబాకింది, 8లో 6 పాసయ్యాయి. సంబరం అరగంట కూడా నిలవలేదు. "ఎ" లేని "సె" వాక్యాల్లో కూడా దీర్ఘం పాకి, 8లో 3 తారుమారయ్యాయి. అసలు నిజంగా పుకారు చెప్పాల్సిన చోట ఇప్పుడు ప్రమాణం చేసి చెబుతున్నాను. పైగా, "పొడవు సరే, మధ్యలో చిన్న కుదుపు ఉండాలి" అని టీచరుగారి తీర్పు. ఆ కుదుపు ప్రాట్‌లో నాకింకా కనబడలేదు. ఆవిడే అన్నారు, "కళ్లారా చూసిన పెళ్లికి ‘సె ఒమజి’ అంటే సరిపోయేది, గొడవే లేదు" అని. నిజమే. కానీ ఇప్పుడిది పరువు సమస్య.

ఉజ్బెక్‌లో జారింది ఒక్కచోటే. "ఉఖ్లబ్ కోలిబ్మన్"ని "నిద్రపోయానట" అని కార్డు మీద రాసుకున్నాను. తప్పు. ఎవరూ చెప్పక్కర్లేదు, మెలకువ వచ్చాక నాకే తెలిసింది: "అయ్యో, నిద్ర పట్టేసిందే!" మన "ట" అక్కడిదాకా సాగదు. అదే కుటుంబంలోది "బోప్తి", అయిపోయింది నుంచి అరిగి "సరే"గా మారింది. రోజంతా అదే వాడుతున్నాను.

పారసీ, అరబీ మూలాల మాటల పెట్టె పూర్తయింది: దుకాణానికి ద్యుక్యాన్, దోకోన్, కబురుకి ఖబేర్, ఖబర్, సీసాకి షిషే, షిషా. 64 కార్డులు, కార్డులు తిప్పి గుర్తుపెట్టించే ఆంకీ యాప్‌లో నాలుగు రోజులు. డబ్బులిచ్చి కొన్న ఇంకో యాప్‌లో ఉజ్బెక్ గొంతు బస్టాండు అనౌన్స్‌మెంటులా ఉంది, తీసేశాను.

వచ్చే వారం ఉజ్బెక్‌ని సిరిలిక్‌లో చదవాలి. 1993లో లాటిన్ లిపికి చట్టం చేసినా పాత పుస్తకాలు చాలావరకు సిరిలిక్‌లోనే ఉన్నాయి. బల్గేరియన్ 30 అక్షరాలు వచ్చు కదా అన్న ధీమాతో ఒక పేజీ తెరిస్తే, బల్గేరియన్‌లో మన "అ"లా పలికే ъ అక్షరం ఇక్కడ అచ్చే కాదు, ఉత్త ఆపుడు గుర్తు. "మఅనో" అన్న మాటని నాలుగుసార్లు తప్పు చదివాను. దానికో ఎర్ర కార్డు చేసుకోవాలి. ఈలోపు ఇంకో 16 "సె ఎ" వాక్యాలు, ఈసారి సగం వేగంతో, ఆదివారంలోగా టీచరుగారికి పంపాలి. పెళ్లిళ్లు కాకుండా వేరే విషయం ఏదైనా చూసుకోమన్నారు.