లాంగార్మ్ మెషిన్‌లో కుట్టు చెడితే నేను ఎలా పట్టుకున్నానంటే

లాంగార్మ్ అంటే ఫ్రేమ్‌కి బిగించిన క్విల్ట్ (రెండు గుడ్డల మధ్య మెత్తటి పొర పెట్టి కుట్టే దుప్పటి) మీద మెషిన్‌నే కదుపుతూ కుట్టే పెద్ద కుట్టు మెషిన్. పైనుంచి చూస్తే కుట్టు చక్కగా ఉంది. క్విల్ట్ కిందికి చెయ్యి పోనిచ్చి తడిమితే మాత్రం వంపు తిరిగిన ప్రతిచోటా వదులు దారం వేలికి తగులుతోంది. నేరుగా వెళ్లిన గీతల్లో ఏ లోపమూ లేదు. వంపుల దగ్గరే పై దారం అడుగుకి దిగి లూపులుగా నిలబడిపోయింది. ఐలాషెస్ అనేది ఈ లోపాన్నే. దీనికి తోడు, మెషిన్‌ని వెనక్కి తోసినప్పుడు అక్కడక్కడ కుట్టు తప్పుతోంది కూడా.

ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా ముందు వచ్చే మాట టైమింగ్ పోయుంటుందని, అంటే సూది, దాని దారాన్ని కింద అందుకునే హుక్ సరైన క్షణంలో కలవడం లేదని. నాకు అది నచ్చదు. హుక్ కదిపితే మళ్లీ సరిగ్గా పెట్టడం చిన్న పని కాదు, పైగా నాకున్నవి రెండు లోపాలు, రెండిటికీ కారణం ఒకటే కావాలని ఏమీ లేదు. అందుకే క్విల్ట్ పక్కన అదే బ్యాటింగ్ (మధ్యలో పెట్టే మెత్తటి పొర), అదే గుడ్డ ముక్క బిగించి, ఒకే మందం ఉన్న దారాల్లో పైన ఎరుపు, కింద నీలం వేసి, నాలుగు దిక్కులా నేరుగా కుట్టి, తర్వాత సున్నాలు చుట్టాను, ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా. రంగులు వేరైతే ఏ దారం ఎటు లాగుతోందో కంటికే తెలిసిపోతుంది. ఒకే రంగు వేసుకుని టెన్షన్ (దారం బిగువు) సరిచేయాలని చూస్తే కళ్లు నొప్పులే మిగులుతాయి.

కింది దారం చుట్టి ఉండే బాబిన్‌తో మొదలుపెట్టాను. కింది దారం సరిగ్గా లేకుండా పై టెన్షన్ ఎంత తిప్పినా లాభం లేదు. బాబిన్ ఉండే కేస్ బయటికి తీసి, పక్కనున్న పలుచటి స్ప్రింగ్ రేకు కిందికి గట్టి కార్డు మూల పోనిచ్చి లాగితే బూడిద రంగు నూగు ముద్దగా వచ్చింది, చూడ్డానికి గోరంత కూడా లేదు. కానీ అంత చిన్న నూగే రేకును పైకెత్తి ఉంచుతుంది, దాంతో దారం మీద పట్టు పోతుంది. కింది దారం వదులైతే పై దారం దాన్ని పైకి లాగేసి గుడ్డ మీద చుక్కలు కనిపిస్తాయి, వాటిని పోగొట్టడానికి పై టెన్షన్ తగ్గిస్తాం, అప్పుడు చుక్కలు పోతాయి గానీ రెండు దారాలూ వదులుగానే ఉండిపోతాయి. నేరుగా వెళ్లేటప్పుడు ఆ వదులు బయటపడదు. వంపులో మెషిన్ పక్కకి లాగుతున్నప్పుడు పై దారాన్ని వెనక్కి గుంజే బలం లేక లూపు అడుగునే ఉండిపోతుంది. నా మెషిన్‌లో జరిగింది అచ్చంగా ఇదే.

శుభ్రం చేశాక కేస్‌ని అరచేతిలో పెట్టి దారం కొస పట్టి లేపాను. కేస్ పక్కకి లేచి నిలబడాలి, చెయ్యి వదిలి గాల్లోకి రాకూడదు. స్క్రూని గడియారం ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత మాత్రమే తిప్పుతూ అక్కడికి తెచ్చాను. తర్వాత పై దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించి, టెన్షన్ డిస్కుల (దారాన్ని నొక్కి పట్టే బిళ్లల) దగ్గర రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి లోపల కూర్చోబెట్టాను, ఎందుకంటే దారం డిస్కుల మధ్యలో కాకుండా అంచు మీద ఉంటే నాబ్ తిప్పినా ఏమీ మారదు. అప్పుడు పై టెన్షన్ కొద్దికొద్దిగా పెంచుతూ సున్నాలు చుట్టాను. లూపులు పోయాయి, ఎరుపు పైనే, నీలం కిందే ఉన్నాయి.

వెనక్కి తోసినప్పుడు కుట్టు తప్పడం మాత్రం పోలేదు. ఒక్క దిక్కులోనే తప్పుతోందంటే నా అనుమానం ముందు సూది మీదికే పోతుంది. మామూలు కుట్టు మెషిన్‌లో గుడ్డ కదులుతుంది, ఇక్కడ సూది గుడ్డలో ఉండగానే మెషిన్ కదులుతుంది, కాబట్టి సూది వంగుతుంది, వంగితే హుక్ మొన లూపుని అందుకోలేదు. పైగా లాంగార్మ్ సూది కాడ గుండ్రంగా ఉంటుంది, ఒక పక్క చదునుగా ఉండదు, అందుకే బిగించేటప్పుడు కాస్త తిరిగినా తెలియదు. కొత్త సూది పెట్టి, బెజ్జంలో గుండుసూది దూర్చి అది ఎటు చూస్తోందో చూసుకుని, నా మెషిన్‌కి తగ్గట్టు సూది వెనకున్న నొక్కు హుక్ వైపు ఉండేలా తిప్పి బిగించాను. సైజు కూడా 4.0 నుంచి 4.5కి, అంటే 100/16 నుంచి 110/18కి మార్చాను, మందం పెరిగితే వంగడం తగ్గుతుంది. కుట్టు తప్పడం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

మిగిలింది ఫ్రేమ్. క్విల్ట్ బిగుతుగా ఉంటేనే పని నీటుగా వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ అంత బిగువు మీద కదిలితే గుడ్డే సూదిని వంచేస్తుంది. క్విల్ట్ చుట్టిన రోలర్‌ని దాని పళ్లచక్రంలో ఒక పన్ను మేర వదిలి, అడుగు నుంచి వేలు పైకి నెట్టి, పైచేత్తో గుడ్డ మీదుగా ఆ వేలిని పట్టుకోగలిగేంత వదులు చేశాను. ఆ తర్వాత ఏ దిక్కులోనూ కుట్టు తప్పలేదు.

టైమింగ్ చూడకుండా వదిలేశానని కాదు. చేత్తో చక్రం తిప్పుతూ, సూది అడుగుకి వెళ్లి పైకి లేవడం మొదలుపెట్టిన క్షణాన హుక్ మొన బెజ్జానికి కాస్త పైన, నొక్కు దగ్గర దాటుతోందా లేదా అని చూశాను. దాటుతోంది. ఆ స్క్రూలు ముట్టుకోలేదు. సూది దేనికైనా గట్టిగా తగిలి విరిగినా, హుక్‌లో దారం చిక్కుపడి మెషిన్ బిగుసుకుపోయినా, అప్పుడు టైమింగ్‌ని నేనూ ముందే అనుమానిస్తాను.

లూపులు పడిన భాగం అంతా అడుగు నుంచి ఒక్కో కుట్టూ కోసి విప్పేశాను, ఓపిక కావాలి. మంచి కుట్టు ఎక్కడ ఆగిందో అక్కడి పాత కొసలు ముడేసి బ్యాటింగ్ పొరలోకి దూర్చి, బాబిన్ దారం పైకి లాగి, పాత కుట్టు మీదే పావు అంగుళం చిన్న కుట్లు వేసి ముందుకి వెళ్లాను. ఇప్పుడు బాబిన్ మార్చిన ప్రతిసారీ కేస్ రేకు కింద కార్డు మూల పోనిచ్చి, హుక్ దగ్గర బ్రష్ చేసి ఒక చుక్క నూనె వేస్తున్నాను.