ఓజేటీ అమ్మాయిలకు మొదటిరోజు నేను అప్పగించే పని

ఇంటర్ ఒకేషనల్‌లో ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్ అనే కోర్సు ఉంది. ఎంపీసీ, బైపీసీల హడావిడిలో దాని పేరు విన్నవాళ్లు తక్కువ. పదో తరగతి అయ్యాక రెండేళ్ల చదువు. తరగతి పాఠాలతోపాటు ఓజేటీ, అంటే పనిచేసే చోటికి వెళ్లి తీసుకునే శిక్షణ కూడా అందులో భాగమే. దాని కోసం అమ్మాయిలు నర్సరీ బడులకో మాలాంటి అంగన్‌వాడీ కేంద్రాలకో వస్తారు. తెనాలి పక్కనున్న మా ఊరి కేంద్రానికి కొన్నేళ్లుగా వస్తున్నారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. చంకలో లాగ్ బుక్కు, చేతిలో రంగు చార్టుల చుట్ట. ఆ చార్టుల కోసం రాత్రంతా మేలుకుని ఉంటారని కళ్లు చూస్తేనే తెలుస్తుంది.

ఆ చార్టులను భద్రంగా బీరువాలో పెట్టించి, మొదటిరోజు వాళ్లకు ఒకే ఒక పని అప్పగిస్తాను. గోడ పక్కన చాప మీద కూర్చోవాలి. ఒక పిల్లనో పిల్లవాడినో ఎంచుకుని పది నిమిషాలు చూడాలి. పలకరించకూడదు, ఎత్తుకోకూడదు. చూసింది చూసినట్టు రాయాలి. ఇది చాలామందికి నచ్చదు. "మేడమ్, పాఠం ఎప్పుడు చెప్పమంటారు?" అని మధ్యాహ్నం లోపే అడుగుతారు.

కిందటి బ్యాచ్‌లో ఒకమ్మాయి మొదటిరోజు ఇలా రాసింది: "ఒక బాబు మొండిగా ఉన్నాడు. ఎవరితోనూ కలవలేదు." నేను పుస్తకం తిరిగి ఆమె చేతికే ఇచ్చి, మొండితనం నీకు ఎక్కడ కనబడిందమ్మా అని అడిగాను. చేతుల్లోనా, కాళ్లలోనా, చూపులోనా? ఆమె దగ్గర జవాబు లేదు. మర్నాడు అదే బాబును మళ్లీ చూడమన్నాను. ఈసారి రాసింది ఇది: "తలుపు దగ్గర నిలబడ్డాడు. కుడిచేతిలో ఒక చెప్పు ఉంది. రోడ్డు మీద ఆటో చప్పుడైనప్పుడల్లా తల తిప్పాడు. దిమ్మెలతో ఆడుతున్న ఇద్దరిని చూశాడు. ఒక దిమ్మె దొర్లి తన దగ్గరికి వస్తే కాలితో వాళ్ల వైపు నెట్టాడు."

ఈ నాలుగైదు వాక్యాల్లో ఆ అమ్మాయి చేయాల్సిన పనంతా ఉంది. వాళ్లమ్మ పొద్దున్నే ఆటోలో కూలి పనికి వెళ్తుంది. ఆటో చప్పుడు అందుకే. చెప్పు చేతిలో ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు, అమ్మ వస్తే వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. అయినా దిమ్మెను వాళ్ల వైపే నెట్టాడు కదా, ఆడాలని ఉంది. ఆమె వెళ్లి అతనికి కాస్త దూరంలో కింద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా ఒక దిమ్మె అతని వైపు దొర్లించింది. అతను తిరిగి దొర్లించాడు. "మొండి" అని రాసిన పుస్తకాన్నే నమ్ముకుని ఉంటే, చేయి పట్టుకుని లోపలికి లాగి కూర్చోబెట్టేది.

ఆరేళ్లు నిండేలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతుంది. అందుకే మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా లెక్కేసింది. కాగితం మీద ఇంత పెద్ద మాట రాసుకున్నప్పుడు, ఆ వయసు పిల్లల దగ్గరికి పంపే టీచర్ల తయారీ మీద కూడా అంతే శ్రద్ధ ఉండాలి. పుస్తకంలో చదివి పరీక్ష రాస్తే వచ్చే విద్య కాదిది.

కొలతల రోజు వచ్చినప్పుడు అమ్మాయిలందరినీ నా పక్కనే నిలబెట్టుకుంటాను. బరువు తూచే ముందు మిషను సున్నా చూపిస్తోందో లేదో చూడాలి. పిల్లలు చెప్పులు, మందపాటి దుస్తులు తీసేయాలి. రెండేళ్ల లోపు వాళ్లకు పడుకోబెట్టి పొడవు కొలవాలి, ఆపై వాళ్లకు నిలబెట్టి ఎత్తు కొలవాలి. నిలబడినప్పుడు మడమలు పలకకు ఆనాలి, అంకె చదివేవాళ్ల కన్ను ఆ అంకె ఎత్తులోనే ఉండాలి. పిల్ల కదులుతుండగా చూసిన అంకె బరువు కాదు. 2021 నుంచి ఇవన్నీ కేంద్ర ప్రభుత్వ పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి వెళ్తున్నాయి. అక్కడ ఒక్క అంకె తప్పు పడితే ఆరోగ్యంగా ఉన్న పిల్ల బలహీనురాలి కింద కనిపిస్తుంది, సాయం అందాల్సిన పిల్ల బాగానే ఉన్నట్టు దాటిపోతుంది. ఈ రెండోదే నాకు ఎక్కువ భయం. ఒకమ్మాయి తనంతట తానే ఒక ఉపాయం కనిపెట్టింది. ముందు గుడ్డబొమ్మను మిషను మీద నిలబెట్టి, దాని బరువు పిల్లలకు చదివి వినిపించింది. తర్వాత ఒక్కరూ ఏడవలేదు. ఆ పద్ధతిని ఇప్పుడు నేనూ పాటిస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది భోజనాల వేళ. కొత్తగా వచ్చినవాళ్లు గుడ్లన్నీ గబగబా పెంకు తీసి కంచాల్లో వేసేస్తారు. నేను ఆపుతాను. నాలుగేళ్ల పిల్లకు గుడ్డు పెంకు తీయడం ఒక పాఠం. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న ముక్కను పట్టుకోవడం, పొర చిరగకుండా లాగడం, ఎంత గట్టిగా నొక్కాలో తెలుసుకోవడం. రేపు పలకబలపం పట్టేది ఆ వేళ్లే. మూడేళ్ల వాళ్లకు మాత్రం మనమే గుడ్డు కోసి చిన్న ముక్కలు చేయాలి, పచ్చసొన పొడిగా ఉండి గొంతుకు అడ్డం పడవచ్చు. పక్కన నీళ్లుండాలి, తినేంతసేపూ పెద్దవాళ్లొకరు ఎదురుగా కూర్చోవాలి. ఈ పద్ధతిలో భోజనం ఆలస్యమవుతుంది. గిన్నెలు తోముకోవాలని మా ఆయమ్మ విసుక్కుంటుంది. ఆమె విసుగులో న్యాయం ఉంది కాబట్టి గిన్నెల దగ్గర నేనో, ఓజేటీ అమ్మాయో ఒక చేయి వేస్తాం.

బీరువాలోంచి చార్టులు బయటికి వచ్చేది రెండో వారంలోనే. ఒకమ్మాయి రంగుల పాఠం తయారు చేసుకుంది. ఎరుపు చార్టు చూపించగానే ఒక పిల్లవాడు "మా మావయ్య ట్రాక్టరు ఎర్రది" అన్నాడు. ఇక అందరూ ట్రాక్టరు మీద పడ్డారు. ఎవరి ట్రాక్టరు పెద్దది, దానిలో ఏం వేసుకెళ్తారు. ఆమె ముఖం చిన్నబోయి నా వైపు చూసింది. ఆపకు, అడుగు అని సైగ చేశాను. ఏం వేసుకెళ్తారని ఆమె అడిగింది. దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు మాకు దగ్గరే, ఇక్కడి పిల్లలకు పసుపు కొమ్ములు తెలియనివి కావు. మర్నాడు ఇద్దరు ముగ్గురు ఇంటి నుంచి కొమ్ములు తెచ్చారు. తడిపిన బండ మీద అరగదీస్తే రంగు దిగింది. వేళ్లతో గోడ మీదా కాగితం మీదా పూశారు. రాసుకొచ్చిన పాఠం పక్కకు పోయింది కానీ, రంగుల గురించి ఆ పిల్లలు అంతసేపు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

కొన్ని విషయాల్లో మాత్రం నేను కఠినంగా ఉంటాను. విద్యార్థినిని పిల్లల దగ్గర ఒంటరిగా వదిలి నేను బయటికి వెళ్లను. ఆమె మీద నమ్మకం లేక కాదు, ఆమె ఇంకా నేర్చుకుంటున్న మనిషి, జరిగినదానికి జవాబుదారీ నాది. పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. ఎంత ముద్దొచ్చినా సరే. ఏ ఇంటి సంగతీ కేంద్రం గడప దాటకూడదు.

ఇప్పుడు బాధ కలిగించే మాట. ఒక కేంద్రంలో ఓజేటీకి వెళ్లిన అమ్మాయి శిక్షణ రోజులన్నీ రిజిస్టర్లు రాస్తూ గడిపిందని ఆమె నోటే విన్నాను. సరుకుల లెక్కలన్నీ ఆమెకు వచ్చు, ఒక్క పిల్ల పేరూ రాదు. మాకు పని భారం ఎంతో నాకు తెలుసు. సర్వేలు, ఇంటింటికీ తిరగడం, యాప్‌లో నమోదు, సెక్టార్ సమావేశాలు. చేతికింద చదువుకున్న అమ్మాయి దొరికితే ఆ పని అప్పగించాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆమె మన పని తగ్గించడానికి రాలేదు. పర్యవేక్షణకు వచ్చి ఒక ఫొటో దిగి, సంతకం పెట్టి వెళ్లిపోయే లెక్చరర్లను కూడా చూశాను. ఒక్క అరగంట చాప మీద కూర్చుని ఆ అమ్మాయి పిల్లలతో ఎలా మాట్లాడుతోందో చూడండి, మార్కులు ఆ తర్వాత వేయండి.

పిల్లలు ఇళ్లకు వెళ్లాక పావుగంట నేనూ ఓజేటీ అమ్మాయిలూ వరండాలో కూర్చుంటాం. ఆ రోజు రాసింది చదువుతారు. ఒక మధ్యాహ్నం వాళ్లకు తారాబాయి మోడక్ గురించి, అనుతాయి వాఘ్ గురించి చెప్పాను. 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టి, పిల్లలు తమ దగ్గరికి రాకపోతే వాళ్ల వాకిళ్లలోకే బడిని తీసుకెళ్లిన వాళ్లు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్, అంటే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కేంద్రాలకు అంగన్‌వాడీ (అంగన్ అంటే వాకిలి) అన్న పేరు వాళ్ల కృషి నుంచి వచ్చిందే. వింటున్న అమ్మాయిల్లో ఒకరు, "అయితే వాళ్లూ మొదట ఇలా కూర్చుని చూశారా మేడమ్?" అని అడిగింది. చూడకుండా పిల్లలు ఎందుకు రావడం లేదో ఎలా తెలుస్తుందమ్మా అన్నాను.

కాలేజీల వారికి నా విన్నపం ఒకటే. ఓజేటీ రోజులను వారానికి ఒకటి చొప్పున చెదరగొట్టకండి, వరుసగా పంపండి. మూడేళ్ల పిల్ల కొత్త మనిషికి అలవాటు పడటానికే కొన్ని రోజులు పడుతుంది. వారం తర్వాత మళ్లీ వచ్చిన అక్క ఆ పిల్లకు మళ్లీ కొత్త మనిషే. ఒక కేంద్రానికి ఇద్దరిని మించి పంపవద్దు. ఎక్కువమంది వస్తే పిల్లలు బెదురుతారు, అమ్మాయిలు తమలో తామే మాట్లాడుకుంటారు. బస్సు ఛార్జీలకు ఇబ్బంది పడేవాళ్లుంటే వాళ్ల ఊరి కేంద్రంలోనే వేయండి. ఆ ఊరి టీచరుతో ముందుగా ఒకసారి మాట్లాడి, రిజిస్టర్ల పని ఇవ్వవద్దని లిఖితపూర్వకంగా చెప్పండి.