రోజుకు 35 కిలోమీటర్లు: కాలువ గట్ల మీద మా తొలి సైకిల్ యాత్ర

గత డిసెంబరులో నేనూ మా వదినా రాజమండ్రి నుంచి సైకిళ్ళ మీద బయలుదేరి, కోనసీమ చుట్టి, నాలుగో రోజు మధ్యాహ్నానికి మళ్ళీ ఇంటికి చేరాం. మొత్తం దాదాపు 140 కిలోమీటర్లు. నాకు 46 ఏళ్ళు, వదినకు 51. అంతకుముందు మేమిద్దరం ఒక్క రోజులో 12 కిలోమీటర్లకు మించి తొక్కింది లేదు. తొక్కిన నాలుగు రోజుల కంటే, మా వయసుకూ మా చేతిలో డబ్బుకూ సరిపోయే యాత్ర ఏదో తేల్చుకోవడానికి పట్టిన ఎనిమిది నెలలే ఎక్కువ కష్టపెట్టాయి. మాలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉంటారని ఇది రాస్తున్నాను.

ఏప్రిల్‌లో వెతకడం మొదలుపెట్టాను. మొదట దొరికినవి సంస్థలు నడిపే యాత్రలు. వెనకాల వ్యాను వస్తుంది, సామాను అందులో పెడతారు, రాత్రికి మంచి హోటలు. బాగానే ఉంది కానీ ఒక సంస్థ చెప్పిన ధర మా ఇద్దరికీ కలిపితే నా నెల జీతం దాటింది. పైగా "రోజుకు 80 కిలోమీటర్లు తొక్కిన అలవాటు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. తర్వాత ఫోను చేస్తామన్నారు, చేయలేదు. ఆ తర్వాత ఆఫీసులో ఒకరు బ్రెవేల గురించి, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూర సైకిల్ ప్రయాణాల గురించి చెప్పారు. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలట. చేయగలిగినవాళ్ళంటే నాకు ఎంతో గౌరవం, కానీ అది మాకు మొదటి మెట్టు కాదు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా గోవాలో నిర్వహించే సైకిల్ యాత్రలు మా చేతికి అందే ధరలోనే ఉన్నాయి. ఆ తేదీలకు నాకు సెలవు కుదరలేదు. కుదిరేవాళ్ళు ముందుగా అక్కడ ప్రయత్నించమనే చెబుతాను.

దారి చూపింది మాత్రం ఎక్కడో ఉన్న డాన్యూబ్ నది. జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు నది ఒడ్డునే సుమారు 300 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. కొత్తవాళ్ళు, పిల్లలున్న కుటుంబాలు, అరవై దాటినవాళ్ళు కూడా ఆ దారిన వెళతారని చదివాను. ఎందుకు వెళ్ళగలుగుతున్నారో చూస్తే కారణాలు మూడే: నది వెంట దారి కనుక ఎత్తుపల్లాలు తక్కువ, కొద్ది దూరానికో ఊరు, అలిసిపోతే ఆగిపోవడానికి వీలు. చదువుతున్నది ఆపి వదినకు ఫోను చేశాను. "వదినా, ఈ మూడూ మన ధవళేశ్వరం దిగువన లేవా?" అన్నాను. ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం వైపు. "చిన్నప్పుడు కాలువ గట్టు మీద బడికి సైకిల్ మీదే వెళ్ళాను, ఎక్కడా దిగి తోసింది గుర్తులేదు" అంది.

దిగి తోయనక్కర్లేకపోవడానికి కారణం ఉంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట నుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. పడవ నడవాలంటే నీటి వాలు చాలా తక్కువగా ఉండాలి. నేల వాలు అంతకు మించినచోట లాకులు (పడవలు దాటడానికి తలుపులున్న కట్టడాలు) కట్టి, నీటిని ఒక మెట్టు దింపారు. ఆ కాలువ పక్కనే గట్టు, గట్టు మీదే దారి. అంటే పడవల కోసం చదును చూసుకుని తీసిన దారినే ఈరోజు మన సైకిళ్ళు వెళుతున్నాయి. డెల్టాలో ఎక్కుడు అంటూ ఉంటే అది వంతెన దగ్గర, ఏటిగట్టు ఎక్కేచోట, అంతే. ఇది అర్థమయ్యాక నాకున్న భయంలో సగం పోయింది.

మిగిలిన సగం సాధనతో పోవాల్సిందే. పన్నెండు వారాలు తీసుకున్నాం. మొదట వారానికి మూడుసార్లు 10 కిలోమీటర్లు. తర్వాత ఆదివారాలు 20, ఆపైన 30. ఒక సంగతి చెప్పాలి: ఎంత దూరం తొక్కగలమన్నదానికంటే మర్నాడు పొద్దున మళ్ళీ సీటు మీద కూర్చోగలమా అన్నది ముఖ్యం. అందుకే అక్టోబరులో వరుసగా శని, ఆదివారాలు 25 చొప్పున తొక్కి చూశాం. ఆదివారం ఉదయం వదిన మోకాళ్ళు నొప్పి అంది. మా వీధి చివర సైకిల్ షాపాయన చూసి, సీటు చాలా కిందికి ఉందన్నారు. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి, పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగాలి. మూడు వేళ్ళ ఎత్తు సీటు పెంచేసరికి మర్నాటి నుంచి నొప్పి లేదు. ఖర్చు ఏమీ లేదు.

ఆయన చెప్పిన ఇంకో మాట కూడా మమ్మల్ని కాపాడింది. నాది సన్నటి వాల్వు ఉన్న ట్యూబు. దానికి ఊళ్ళలో ఎక్కడా గాలి కొట్టరు. మోటారు సైకిల్‌కు ఉండే వాల్వు ఉన్న ట్యూబులు వేయించుకుంటే ఏ పంక్చరు షాపులోనైనా, పెట్రోలు బంకులోనైనా గాలి దొరుకుతుందన్నారు. కొత్తగా కొనేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. టైరు మరీ సన్నం కాకూడదు. గేర్లు తప్పనిసరి కాదు, వదినది గేర్లు లేని మామూలు లేడీస్ సైకిల్. సామాను వీపున మోయకుండా వెనుక క్యారియరుకు కట్టాలి. వీపున మూడు కిలోలున్నా పది కిలోమీటర్ల తర్వాత నడుము పట్టేస్తుంది.

ఇక దారి. నేను మొదట మూడు రోజులకు వేశాను. వదిన ఒప్పుకోలేదు. "ఎదురుగాలి వీచినా, పంక్చరు పడినా, ఎవరింట్లోనైనా కాఫీకి కూర్చోమన్నా పదకొండు గంటలకల్లా ఊరు చేరాలి. అంత దూరమే పెట్టు" అంది. యాత్ర మొత్తానికి అంతకంటే తెలివైన మాట మాలో ఎవరమూ అనలేదు. గంటకు 10 నుంచి 12 కిలోమీటర్ల చొప్పున, ఆగుతూ వెళ్ళినా ఉదయం పూట 35 అవుతుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. అమలాపురం వైపు వెళ్ళేవాళ్ళకు అది ఎదురుగాలి. చదునైన నేల మీద కొండ లేకపోవచ్చు, ఆ గాలే కొండ.

బస కోసం వారం రోజులు ఫోన్లు చేశాను. రావులపాలెంలో లాడ్జి, అంబాజీపేటలో మా మేనత్త ఇల్లు, రామచంద్రపురంలో లాడ్జి. ఇద్దరు ఆడవాళ్ళం సైకిళ్ళ మీద వస్తున్నామంటే ఒక లాడ్జిలో గది లేదన్నారు. మగవాళ్ళ పేరుతో మళ్ళీ అడిగిస్తే ఉందన్నారు. అక్కడ దిగలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. ముందే ఫోను చేసి, సైకిళ్ళు రాత్రి లోపల పెట్టుకోనిస్తారా అని కూడా అడిగి తేల్చుకోండి. పుణ్యక్షేత్రాల దగ్గర సత్రాలు చవక, కుటుంబాలతో కళకళలాడుతుంటాయి కనుక భయం ఉండదు. కార్తీక మాసంలో, శివరాత్రికి మాత్రం దొరకవు.

మొదటి రోజు ఆరున్నరకు ధవళేశ్వరం చేరేసరికి మంచు. బ్యారేజీ మీద పది గజాల ముందున్న వదిన సైకిల్ ఎర్ర దీపం తప్ప ఏమీ కనిపించలేదు. ఏడు దాకా కాటన్ విగ్రహం దగ్గర ఆగి, టీ తాగి కదిలాం. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ముందూ వెనుకా దీపాలు లేకుండా బయలుదేరవద్దు. బొబ్బర్లంక దాటాక కాలువ పక్కకు వచ్చేశాం. ఆత్రేయపురంలో వదిన చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో, మంట మీద బోర్లించిన కుండపై పూతరేకు తీయడం చూశాం. పల్చటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డ ఒక్కసారి కుండ మీద లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లొల్ల లాకుల దగ్గర అరగంట కూర్చున్నాం. ఒకే కాలువ అక్కడ చీలి, ఒకటి అమలాపురం వైపు, మరొకటి పి. గన్నవరం వైపు వెళుతుంది. ఆ మెట్టు దిగుతున్న నీటి చప్పుడు వింటుంటే పుస్తకంలో చదివిన వాలు, లాకు అన్నవి కళ్ళ ముందు నిలబడ్డాయి. పదకొండున్నరకు రావులపాలెం. 32 కిలోమీటర్లు.

రెండో రోజు తప్పు చేశాం. అంబాజీపేటకు కొత్తపేట, పలివెల మీదుగా తారు రోడ్డు ఉంది. ఫోనులోని మ్యాపు నాలుగు కిలోమీటర్లు కలిసొచ్చే గట్టు దారి చూపిస్తే అటు తిరిగాం. ముందు రాత్రి జల్లు పడింది. డెల్టా ఒండ్రు తడిస్తే బంకే. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి సైకిల్ కదలదు. రెండు కిలోమీటర్లు మోసినంత పని చేసి, పుల్లలతో మట్టి గీకుతూ తోశాం. పొలంలో పనిచేస్తున్న ఒక పెద్దాయన వచ్చి, బోదెలో నీళ్ళు ముంచి పోసి చక్రాలు కడిగారు. "వాన పడితే గట్టు మీదికి రాకూడదమ్మా, తారు రోడ్డు చుట్టయినా అదే దగ్గర" అన్నారు. కొత్తవాళ్ళెవరైనా డెల్టా యాత్రకు సలహా అడిగితే ముందుగా ఆయన మాటే చెబుతున్నాను.

తారు రోడ్డుకూ దాని జాగ్రత్తలున్నాయి. సార్వా (ఖరీఫ్) వరి కోతల కాలం, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజల మీద టైరు జారుతుంది, పైగా అది ఒక కుటుంబం ఏడాది కష్టం. దిగి నడిపించుకుని వెళ్ళాం. అత్తయ్య ఇంటికి చేరేసరికి ఒంటిగంట. గుమ్మంలోనే కొబ్బరి బోండాలు కొట్టించి ఉంచింది. మా కాళ్ళ మట్టి చూసి ఒక్క మాట అనకుండా వేడినీళ్ళు పెట్టింది.

మూడో రోజు నేను బతికినంతకాలం మరచిపోలేను. అమలాపురం, అయినవిల్లి మీదుగా ముక్తేశ్వరం రేవుకు వెళ్ళాం. అక్కడ గోదావరి గౌతమి పాయ దాటి కోటిపల్లి చేరాలి. పంటు (మనుషుల్నీ బళ్ళనూ రేవు దాటించే పడవ) మీద సైకిళ్ళు ఎక్కించి, రెయిలింగుకు ఆనించి నిలబడ్డాం. పక్కన బడిపిల్లలు, పాల క్యాన్లు, పెళ్ళికి వెళ్ళే బృందం. నీళ్ళు ఎంత వెడల్పో! మూడు రోజులుగా మా పక్కన పిల్లకాలువగా నడిచిన నీళ్ళకు తల్లి ఇది. వదిన రెండు చేతులూ జోడించి అలాగే నిలబడింది. ఆ కాసేపట్లో మేమేమీ మాట్లాడుకోలేదు. ఒక జాగ్రత్త: గాలి ఎక్కువున్నా, వరదున్నా పడవలు ఆపేస్తారు. అప్పుడు వెనక్కి జొన్నాడ వంతెనకు గానీ, కిందికి యానాం దగ్గరి వంతెనకు గానీ వెళ్ళాలి, రెండూ బాగా దూరం. అందుకే బయలుదేరే ముందు రోజు రేవులో కనుక్కోవాలి. ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి దర్శించుకుని, ఎండ ముదిరేలోపు రామచంద్రపురం చేరాం. ఆ రోజు 39.

నాలుగో రోజు 45 పెట్టుకోవడం మాత్రం పొరపాటే. తాపేశ్వరంలో కాజా తిని, ద్వారపూడి దాకా హాయిగానే వచ్చాం. అక్కడి నుంచి కడియం మీదుగా వచ్చే రాజమండ్రి–కాకినాడ కాలువ రోడ్డు ఇరుకు, లారీలు ఎక్కువ. ఒక పక్క కాలువ, మరో పక్క మీదికొచ్చే హారన్లు. మేము మూడుసార్లు రోడ్డు దిగి ఆగిపోయాం. మళ్ళీ వెళితే మండపేటలో ఇంకో రాత్రి ఆగి, ఆదివారం తెల్లవారగానే ఆ ముక్క దాటేస్తాను.

ఖర్చు చెప్పాలి. రెండు లాడ్జి గదులు, నాలుగు రోజుల తిండి, పంటు టికెట్లు, ముందుగా కొన్న ట్యూబులు, గాలి పంపు, పంక్చరు సామాను అన్నీ కలిపి మనిషికి 2,600 రూపాయలు. పంక్చరు ఒక్కటే పడింది, అదీ ఇంటికి రెండు కిలోమీటర్ల ముందు. రోడ్డు పక్క షాపులో పదిహేను నిమిషాల్లో వేశారు.

ఇప్పుడు గోదావరి మరో పాయ వశిష్ఠ వైపు చూస్తున్నాం. పాలకొల్లు, నరసాపురం, అక్కడి నుంచి రేవు దాటి సఖినేటిపల్లి, అంతర్వేది. సముద్రం దాకా. ఈసారి అయిదు రోజులు. మా ఆఫీసులో మరో ఇద్దరు వస్తామన్నారు. వాళ్ళతో వచ్చే శనివారం 10 కిలోమీటర్లతో మొదలుపెడుతున్నాం. సీట్ల ఎత్తు చూసే పని వదిన తీసుకుంది.