నూనెలో నానో పొడి నిలబడాలంటే: నా ఎంటెక్ ప్రాజెక్టు అనుభవం

లూబ్రికెంట్‌లో (యంత్రాలకు వాడే నూనెలో) నానో కణాలు, అంటే కంటికి విడిగా కనిపించనంత సన్నటి పొడి కలిపి రాపిడి తగ్గించే ప్రాజెక్టు తీసుకోవచ్చా అని జూనియర్లు అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. తిరుపతిలో ఎంటెక్ చేస్తూ నేను చేసింది ఇదే. కాపర్ ఆక్సైడ్ మంచిదా, టైటానియం డయాక్సైడా, మాలిబ్డినం డైసల్ఫైడా అని అందరూ మొదట పొడి గురించే అడుగుతారు. నన్నడిగితే అది తర్వాత. ఆ పొడి నూనెలో అడుక్కి దిగకుండా ఎలా ఉంచుతారో ముందు తేల్చుకోండి, నా టైమంతా తినేసింది అదే.

నేను తీసుకున్నది కాపర్ ఆక్సైడ్, దాన్ని కలిపింది ఎస్‌ఎన్ 500 బేస్ ఆయిల్‌లో, అంటే అడిటివ్స్ (పనితీరు పెంచే రసాయనాలు) ఏవీ కలపని వట్టి నూనెలో. షాపులో దొరికే ఇంజిన్ ఆయిల్ వద్దన్నారు మా గైడ్ సారు, ఎందుకంటే అందులో అరుగుదలను తగ్గించే జడ్‌డీడీపీ లాంటి అడిటివ్స్ ముందే కలిపి ఉంటాయి, రాపిడి తగ్గినా దేనివల్ల తగ్గిందో చెప్పలేం. పొడి నల్లగా మసిలా ఉంటుంది, మూత తీస్తే చాలు గాల్లోకి లేస్తుంది. మాస్కు, గ్లోవ్స్ తప్పనిసరి, తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపి కూర్చోవడమంటే ఏంటో ఇక్కడివాళ్లకు తెలుసు.

ఉత్త స్టిర్రర్ (గిలకొట్టే పరికరం) మీద కలిపిన శాంపిల్ ఒకటి పోల్చడానికి పక్కన పెట్టాం. పొద్దున చూస్తే పైన తేట నూనె, అడుగున నల్లటి పొర. ల్యాబ్ అసిస్టెంట్ అన్న సీసాను కిటికీ వెలుగులో పట్టి, "ఏమ్మా, అంతా కిందికి దిగిపోయిందే, ఇంక నూనెలో ఏముంది?" అన్నాడు. అసలు ప్రశ్న అదే. కణం దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే 50 నానోమీటర్ల కణాలు ముద్దకట్టి 1 మైక్రాన్ (1000 నానోమీటర్లు) అయితే దాదాపు 400 రెట్లు వేగంగా దిగుతాయి. అందుకే ఒలీయిక్ యాసిడ్ వాడాం, మన వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లమే అది. దాని ఒక కొస కణాన్ని పట్టుకుంటుంది, పొడుగాటి రెండో కొస నూనెలోకి చాచుకుని ఉంటుంది, దాంతో కణాలు ఒకదానికొకటి అతుక్కోవు. ఆ తర్వాత ప్రోబ్ సోనికేటర్, అంటే నూనెలో ముంచిన కడ్డీతో అల్ట్రాసౌండ్ కంపనాలు పంపి ముద్దల్ని విడగొట్టే పరికరం. నూనె తొందరగా వేడెక్కుతుంది కాబట్టి ఆపి ఆపి నడపాలి, బీకరు చుట్టూ ఐసు పెట్టాలి, ఆ ఐసు గేటు బయట చెరకు రసం బండి దగ్గర తెచ్చుకునేవాళ్లం.

నూనె అరుగుదలను ఎంత ఆపుతుందో చూసే ఫోర్ బాల్ టెస్టర్ మా దగ్గర లేదు, చెన్నై వెళ్లాను. 12.7 మిల్లీమీటర్ల ఉక్కు గుండ్లు మూడు కింద కదలకుండా బిగించి, నాలుగోది పైనుంచి 392 న్యూటన్ల బరువుతో నొక్కుతూ నిమిషానికి 1200 చుట్లు, 75 డిగ్రీల దగ్గర, గంటసేపు తిరుగుతుంది. బస్సు దిగాక శాంపిల్స్‌ని అక్కడ మళ్లీ సోనికేట్ చేయించాకే టెస్టుకి ఇచ్చాను, ఈ మాట మర్చిపోవద్దు. తర్వాత కింది గుండ్లను మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్కోదాని మీద అరిగిన చోట గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. వట్టి నూనెతో తిరిగిన గుండు మీద మచ్చ వెడల్పుగా, లోతైన గీతలతో ఉంది, 0.5 శాతం పొడి కలిపిన నూనెతో తిరిగినదాని మీద చిన్నది, గీతలు కూడా సన్నం. అది చూసినప్పటి సంతోషం ఇంకా గుర్తుంది. 1 శాతానికి వెళ్తే మచ్చ మళ్లీ పెద్దదైంది, కణాలు ఎక్కువైతే ముద్దలు కట్టి అవే గీరతాయి.

చిత్తూరులో మెకానిక్ షెడ్డున్న మా మామ, "మన లారీలో పోస్తే మైలేజీ వస్తుందామ్మా?" అని అడిగాడు. వద్దు మామా అన్నాను. ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు చాలా భాగాల మధ్య నూనె పొరే లోహాలను విడదీసి ఉంచుతుంది, అక్కడ కణాలకు పెద్దగా పనిలేదు. స్టార్ట్ చేసేటప్పుడు, పిస్టన్ పైకొచ్చి ఒక్క క్షణం ఆగే చోట ఆ పొర పలచబడుతుంది, ఉపయోగం ఉంటే అక్కడే. పైగా ఆయిల్‌లో ముందే ఉన్న అడిటివ్స్‌తో ఈ పొడికి పడుతుందో లేదో విడిగా టెస్టు చేయాలి, మా ప్రాజెక్టులో అది చేయలేదు.