అల్లరి చేయని పిల్ల

మంగళవారం, రాత్రి

చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ జరగని రోజు. ఇద్దరు పిల్లలు బొమ్మ కోసం కొట్టుకున్నారు, ఒకడి బూటు కనిపించకుండా పోయింది, వాన వల్ల బయటి ఆటలు ఆగిపోయాయి. అయినా కాస్త రాసుకోకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

మా తరగతిలో నాలుగేళ్ల పాప ఒకతె ఉంది. అందరూ మెచ్చుకునే పిల్ల. అందరి బొమ్మలూ తనే సర్దుతుంది, ఏడ్చేవాళ్ల కళ్లు తుడుస్తుంది, దెబ్బ తగిలినా పైకి ఏడవదు. మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి నేను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. మెల్లగా వచ్చి నా చేయి పట్టుకుని, "టీచర్, నేనేమీ చేయలేదు కదా?" అని అడిగింది. పక్కనున్న సహోద్యోగి మురిసిపోయింది, ఎంత బుద్ధిమంతురాలో అని. నాకైతే ఒళ్లు మండింది, పిల్ల మీద కాదు, ఆ మెప్పు మీద. రైతు మబ్బును చూసినట్టు నాలుగేళ్ల పిల్ల పెద్దవాళ్ల ముఖాలను చూస్తూ గడుపుతుంటే దానికి బుద్ధి అని పేరు పెట్టడమేమిటి?

వాళ్లమ్మకు డిప్రెషన్. తమ్ముడు పుట్టి కొన్ని నెలలైంది. ఇంటికి వచ్చే నర్సు, బాలింతల్లో డిప్రెషన్ జాడ కనిపెట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇవ్వడంతో సంగతి బయటపడింది. 1987 నాటి పది ప్రశ్నల కాగితం అది. గడిచిన వారంలో నవ్వగలిగారా, తప్పు లేకపోయినా మిమ్మల్ని మీరు నిందించుకున్నారా అని మామూలు మాటల్లోనే అడుగుతుంది. జబ్బు ఉందని తేల్చదు, డాక్టరు చూడవలసిన అవసరం ఉందేమో సూచిస్తుంది. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనల గురించి. దానికి "ఎప్పుడూ లేదు" కాకుండా వేరే జవాబు వస్తే మిగతా మార్కులతో పని లేదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఈవిడకు అంతదాకా రాలేదు. మందులు మొదలయ్యాయి, కౌన్సెలింగ్ నడుస్తోంది. మందులు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. పాపకు మాత్రం ఎవరూ ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చినప్పుడు కాసేపు కూర్చోమన్నాను. "చిన్నపిల్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయి టీచర్ గారూ, పెద్దయ్యాక చెబుతాం" అన్నారు. నాలుగేళ్ల పిల్ల సంగతి అటుంచి, నెలల పసివాళ్లకే తెలుస్తుందన్నాను. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చేసిన ప్రయోగం చెప్పాను. బిడ్డతో నవ్వుతూ ఆడుకుంటున్న తల్లిని కొద్ది నిమిషాల పాటు ఏ భావమూ లేని ముఖంతో ఉండమన్నారు. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, అరిచి పిలుస్తుంది. అప్పటికీ తల్లి పలకకపోతే ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది.

ఆయన ముఖం పాలిపోయింది. "అయితే మా చిన్నవాడు..." అని ఆగిపోయారు. ఈ ప్రయోగం గురించి సగమే చెప్పేవాళ్లు చాలామంది. రెండో సగమే నాకు ముఖ్యం. ఏ జబ్బూ లేని తల్లీబిడ్డలు కూడా చాలాసేపు ఒకరికొకరు అందకుండానే ఉంటారు. బిడ్డ పిలిచినప్పుడు తల్లి వేరే వైపు చూస్తుంటుంది, తల్లి పలకరించేసరికి బిడ్డకు ఆవలింత. తప్పిపోయిన చూపు మళ్లీ కలుస్తుందన్న నమ్మకమే బిడ్డకు కావాలి. అమ్మ ఓపిక లేక పలకనప్పుడు నాన్న పలికితే అదీ లెక్కలోకే వస్తుంది. ఇది విన్నాక ఆయన కొంచెం తేరుకున్నారు.

"సరే, ఏమని చెప్పమంటారు?" అన్నారు. అక్కడే ఒక కాగితం మీద రాసిచ్చాను: "అమ్మకు జబ్బు చేసింది. దాని వల్ల అమ్మకు దిగులుగా, నీరసంగా ఉంటుంది. అది నీ వల్ల రాలేదు. నువ్వు తగ్గించాల్సిన పనీ లేదు. డాక్టరు చూస్తున్నారు. నువ్వంటే అమ్మకు ఇష్టమే. నిన్ను చూసుకోవడానికి నేనున్నాను." ఒకసారి చెప్పి వదిలేయకుండా, పిల్ల అడిగినప్పుడల్లా అదే చెప్పమన్నాను. ఎవరూ చెప్పకపోతే పిల్లలు ఊరికే ఉండరు, తామే కారణమని ఒక కథ అల్లుకుంటారు. మధ్యాహ్నం నన్ను అడిగిన ప్రశ్న ఆ కథలోదే.

బంధువులు ఇంటికి వచ్చి "పిల్లల ముఖం చూసైనా కోలుకోవమ్మా" అంటున్నారట. ఈ మాట నాకు అసలు గిట్టదు. పిల్లల ముఖాలు మందు బిళ్లలా? పైగా ఆ మాట పాప చెవిన పడితే అమ్మను నవ్వించే ఉద్యోగం తనదే అనుకుంటుంది. నిజానికి వ్యవహారం తల్లి నుంచి పిల్లల వైపు నడుస్తుంది. 2006లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం డిప్రెషన్‌కు చికిత్స పొందుతున్న తల్లులను, ఏడేళ్లు దాటిన వాళ్ల పిల్లలను గమనించింది. మూడు నెలల్లో తల్లులు కోలుకున్న ఇళ్లలో పిల్లల ఇబ్బందులూ తగ్గాయి. పిల్లలకు చేసే సాయంలో మొదటిది తల్లికి వైద్యం ఆగకుండా చూడటం.

నార్వేలో 2010 నుంచి వైద్య సిబ్బంది ఇలాంటి రోగులకు చిన్నపిల్లలు ఉన్నారేమో కనుక్కుని, వాళ్ల అవసరాలు కూడా చూడాలని చట్టం ఉంది. ఫిన్లాండ్‌లో "పిల్లల గురించి మాట్లాడుకుందాం" అనే పద్ధతిలో తల్లిదండ్రులతో కూర్చుని పిల్లల బలాలేమిటి, ఎక్కడ తోడు కావాలి అని మాట్లాడతారు. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేని పని. అన్ని చోట్లా ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

సాయం చేసేవాళ్లు లేక కాదు ఆ ఇంట్లో. "ఏదైనా కావాలంటే చెప్పు" అంటారట అందరూ. కావలసింది ఏమిటో తెలుసుకుని, నోరు తెరిచి అడిగే శక్తి ఉంటే అది డిప్రెషన్ ఎందుకవుతుంది? ఎవరు ఏ రోజు పాపను తీసుకెళ్తారు, రాత్రి చిన్నవాడు లేస్తే ఎవరు చూస్తారు, ఇవి పేర్లతో సహా రాసుకోమన్నాను. ఇంకో సంగతి. సాయానికి వచ్చినవాళ్లు బిడ్డను ఎత్తుకుని తిప్పుతుంటే తల్లి గిన్నెలు తోముతోందట! తిరగేయాలి దాన్ని. ఇంటిపని వాళ్లు చేయాలి, తల్లి నిద్రపోవాలి, లేచాక ఓపిక ఉన్నంతసేపు బిడ్డ ఆమె ఒళ్లో ఉండాలి.

వెళ్లేముందు మీరెలా ఉన్నారని అడిగాను. "నాకేమండీ" అన్నారు కానీ కళ్లు వేరే చెప్పాయి. బిడ్డ పుట్టిన రోజుల్లో తండ్రులకూ డిప్రెషన్ వస్తుందని, సుమారు పది మందిలో ఒకరికి అని లెక్కలున్నాయని చెప్పాను. నవ్వారు. అపాయింట్‌మెంట్ తీసుకుంటారో లేదో వారం తర్వాత మళ్లీ అడగాలి.

ఇక తరగతి సంగతి. రేపటి నుంచి పాపకు సర్దే పనులు తగ్గించి మట్టి, నీళ్లు, రంగులు ముందు పెట్టాలి. పొద్దున రాగానే రోజూ ఒకే టీచరు ఎదురెళ్లాలి. ఎప్పుడైనా బొమ్మ విసిరికొట్టి ఏడిస్తే కంగారుపడి ఇంటికి ఫోన్ చేయొద్దని సహోద్యోగికి చెప్పాలి. అలా ఏడ్చిన రోజు నేను సంతోషిస్తాను.

ఇది రాస్తుండగా ఆయన నుంచి మెసేజ్: పాపతో ఆ మాటలు అమ్మ ముందే చెప్పాలా, విడిగా చెప్పాలా? ముందు ఆవిడనే అడగమన్నాను, ఒప్పుకుంటే ముగ్గురూ కలిసి కూర్చోమన్నాను. సెలవు రోజు పొద్దున అయితే మంచిదని, పడుకునే వేళ మాత్రం వద్దని రాశాను. విన్నాక ప్రశ్నలు అడగడానికి పిల్లకు పగలంతా మిగిలి ఉండాలి.