అమ్మ చూసిన అమరావతి రాయి

లండన్‌లో ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) చెప్పడం మొదలుపెట్టి నాలుగేళ్లు. ఏటా పిల్లల్ని బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గదికి తీసుకెళ్తాను, మన అమరావతి స్తూపం రాళ్లు ఉండేది అక్కడే. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి, మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉండి, 1859లో ఓడెక్కి, 1880లో మ్యూజియం చేతికొచ్చాయి. అందులో రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది. ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, దండం పెట్టేవాళ్లు. తర్వాతి కాలంలో అదే రాయిని తిప్పి రెండో వైపు స్తూపం చెక్కారు. లేబుల్ చదవకుండా అరగంట చూసి, కనిపించింది రాయమంటాను. దాదాపు అందరూ మొదట రాసేది ఒకటే: బుద్ధుడు లేడు. నేనూ అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టేదాన్ని.

మొన్న సెలవులకి గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో మా ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మకి ఆ ఫొటో చూపించాను. ఫోన్ కాస్త దూరం పెట్టి చూసి, "రావిచెట్టు కదే, గుళ్లో ప్రదక్షిణ చేస్తున్నారు" అంది. లేనిదేదీ ఆవిడకి తట్టలేదు. చెట్టుంది, మొక్కేవాళ్లున్నారు, ఇంకేం కావాలి! నాలుగేళ్లుగా నేను లేని బుద్ధుడి గురించే చెప్తున్నాను, ఉన్న చెట్టు దగ్గర ఒక్క రోజు కూడా ఆగలేదు.

వీడియో తీస్తాను, క్లాసులో చూపించనా అని అడిగాను. సరేనని లోపలికెళ్లి ఇస్త్రీ చీర కట్టుకొచ్చి కూర్చుంది. కెమెరా ముందు మాత్రం "ఇది బోధివృక్షం, బౌద్ధులకు పవిత్రమైనది" అని పుస్తకంలోలా చెప్పింది. రావిచెట్టు మాటే రాలేదు, నేను కూడా గుర్తు చేయలేదు.

క్లాసులో 1922 నాటి 'నానూక్ ఆఫ్ ద నార్త్' అనే, కెనడా ఉత్తరాన మంచు ప్రాంతపు ఇన్యూట్‌ల మీద తీసిన డాక్యుమెంటరీ వేసినప్పుడు పిల్లలు నిరాశపడతారు. అప్పటికే తుపాకులు వాడుతున్నవాళ్ల చేత దర్శకుడు ఫ్లాహర్టీ ఈటెలతో వేటాడించాడు, లోపల వెలుతురు చాలక సగం మాత్రమే కట్టిన ఇగ్లూలో (మంచు ఇంట్లో) తీశాడు, అసలు నానూక్ అనేది అందులో ముఖ్యంగా కనిపించే మనిషి పేరే కాదు. అయితే అంతా నటనేనా మేడం, అంటారు. ఈసారి దానికంటే ముందు అమ్మ వీడియో వేస్తాను. పక్కనే, చిక్కుడుకాయలు ఒలుస్తూ అన్న మొదటి మాట బోర్డు మీద రాసి, ఈ రెండింటి మధ్య రావిచెట్టు ఎక్కడికి పోయిందో చెప్పమంటాను.