సరుగుడు తోటల ఇసుకలో సహదేవి

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంబడి సరుగుడు తోటల్లో చెట్ల కింద పెద్దగా ఏమీ మొలవదు. రాలిన రెమ్మలు దట్టంగా పరుచుకుని నేలకు వెలుగు తగలనివ్వవు. నరికిన చోట ఇసుక బయటపడితే మాత్రం వానలకు సహదేవి మొక్క లేస్తుంది. కొందరు గరిటికమ్మ అంటారు. చామంతి కుటుంబమే గానీ చుట్టూ రేకులుండవు; ఒక్కో తలలో 20 దాకా సన్నటి ఊదారంగు గొట్టపు పూలు, అంతే.

దీన్ని ఎమీలియా అనే మరో చామంతి కుటుంబపు మొక్కతో పొరబడేవాళ్లు చాలామంది. ఎమీలియా పై ఆకుల మొదలు కాండాన్ని చుట్టుకుని ఉంటుంది, పూల తల కింద పచ్చటి తొడుగు ఒకే వరుస. సహదేవి ఆకు తొడిమవైపు సన్నబడుతుంది, తొడుగు పొరలు పొరలుగా ఉంటుంది. ఎమీలియాలో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లున్నాయి. ఆకు, తొడుగు రెండూ చూడకుండా కషాయానికి కోయడం ప్రమాదం.

విత్తనం కావాలంటే తెల్లటి దూది విచ్చుకున్న ఉదయం, గాలి లేవకముందే కాగితం కవర్లోకి దులపాలి. ప్లాస్టిక్‌లో చెమ్మపట్టి బూజొస్తుంది. గింజ 2 మిల్లీమీటర్లలోపే. వేళ్లమధ్య నలిగిపోయేవి తాలు, గట్టిగా తగిలేవే ఉంచుకోవాలి.

మూడు పాళ్లు ఇసుక, ఒక పాలు జల్లించిన పశువుల ఎరువు కలిపి ట్రే నింపి, గింజల్ని పైనే చల్లి అరచేత్తో నొక్కండి. మట్టి కప్పొద్దు. పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి ట్రేని నీళ్ల పళ్లెంలో పెట్టండి. పైపొర తడవగానే ట్రేని బయటికి తీసేయాలి, లేకుంటే నారు మొదలు కుళ్లుతుంది.